గెలకని సంగటి

సంగటి గెలకడం వంట కాదు, కుస్తీ. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి మూత పెట్టాలి. అది ఆవిరికి మగ్గగానే గిన్నె దించి, పాతగుడ్డ వేసి రెండు పాదాలతో అదిమిపట్టి, భుజాలు పడిపోయేదాకా తెడ్డుతో గెలకాలి. కాస్త అటూ ఇటూ అయిందా, లోపల పచ్చిపిండి గడ్డలు కడుతుంది. పెళ్లయిన నాటినుంచీ పొద్దున్నే ఈ కుస్తీ పట్టి, ఆ చెమట కడుక్కుని, హైస్కూలుకు పోయి పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఎమ్మెస్సీ చదివాను. మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు గానీ నా సంగటి మాత్రం ఊరంతా తెలుసు.

తెలిసేలా చేసింది మా ఆయన ఏసుకుమార్. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా హెడ్‌మాస్టరు అరుణ్ కుమార్ కొత్త ఇంటికి బండలు ఏరుకోవడానికి అక్కడికి పోతే, "మా యింటామె గెలికిన సంగటి తింటే ఇంగ యాడా తినబుద్ధి గాదు సార్" అన్నాడట. ఆ గొప్పే నా కొంప ముంచింది.

జిల్లా ఆఫీసు వాళ్లు మా బడిలో ఒక పాఠాన్ని వీడియో తీసి అన్ని బడులకూ పంపుతామన్నారు. ప్రకృతిలోని నాలుగు మూల బలాలు. తయారు చేయమన్నది నన్నే. నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. మేకును లేపి చూపడానికి పాత స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీశాను. బండలు, లారీలు, కోత మిషన్లు, మా పిల్లలకు తెలిసినవన్నీ పాఠంలోకి తెచ్చాను. కూర తరుగుతూ వాక్యాలు అల్లుకున్నాను, అంట్లు తోముతూ దిద్దుకున్నాను. అంతా అయ్యాక హెడ్‌మాస్టరు స్టాఫ్‌రూములో అందరి ముందూ పని పంచారు.

"వచ్చే సార్లకు సంగటి, నాటుకోడి పులుసు. అది మీరే చూసుకోవాల మేడమ్. మీ ఇంటాయన చెప్పినాడు, మీ చేతిది శానా బాగుంటాదని. పాఠం ఆంజనేయ సారు చెప్తాడులెండి. కెమెరాకు మగమనిషి గొంతయితే నిండుగా ఉంటాది."

ఆంజనేయ లెక్కల మాస్టారు. మైకు దొరికితే వదలడు. నవ్వుతూ నా వైపు తిరిగి, "మేడమ్, మీరు రాసిందంతా నాకు ఒగసారి వివరంగా చెప్పండి" అన్నాడు. చెప్పాను. చెప్పినందుకు నామీద నాకే ఒళ్లు మండింది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇంటికొచ్చి చెప్పుకుంటే మా ఆయన టీవీ మీదినుంచి కళ్లు తిప్పలేదు. "పాఠం ఎవురు చెప్తే ఏముందిలే మే. జీతమేమన్నా తగ్గుతాదా? నీ వంటను మెచ్చుకున్నా తప్పేనా?" మా అత్త రత్నమణి చర్చి నుంచి అప్పుడే వచ్చి పైట సర్దుకుంటోంది. "నలుగురికి వండిపెడితే పున్నెమే గదమ్మా. మగోళ్లతో పోటీ పడితే ఇల్లు నిలబడదు." ఈ ఇల్లు ఎవరి భుజాలమీద నిలబడిందో రోజూ పొద్దున గిన్నెను తొక్కిపట్టే నా పాదాలకు తెలుసు. అడిగితే గయ్యాళి అంటారు. ఆ రాత్రికి కోపం మింగాను. మింగిన కోపం అరగదు.

వీడియో రోజు బడి వెనుక వంటపాకలో నేను, మధ్యాహ్న భోజనం వండే రామేశ్వరమ్మ. ఆమె పిల్లల అన్నం వారుస్తోంది. నేను పిండి పోసి మూత పెట్టాను. పదో తరగతి గది పక్కనే. కిటికీలు తెరిచే ఉన్నాయి కాబట్టి ప్రతి మాటా పాకలోకి వినబడుతోంది. నా వాక్యాలు. నేను అంట్లు తోముతూ దిద్దుకున్న వాక్యాలు ఆంజనేయ నిండు గొంతులో. మొదట బాగానే అప్పజెప్పాడు. తర్వాత దారి తప్పాడు.

"కాబట్టి పిల్లలూ, ఈ నాలుగింట్లో అన్నింటికన్నా పెద్ద బలం గురుత్వాకర్షణ. భూమినే కట్టిపడేసింది గదా."

పులుసు కలుపుతున్న నా చేతిలో గరిటె ఆగిపోయింది. లోపల హసీనా లేచినట్టుంది. బండలు కోసే వలి సాహెబ్ కూతురు, అడగాల్సింది అడక్కుండా కూర్చోలేని పిల్ల. "మరి ఈ చిన్న అయస్కాంతం మేకును పైకెట్ల లేపింది సార్? భూమి అంతా కిందికి గుంజుతాండాది గదా?"

"కూర్చోమ్మా. కెమెరా నడుస్తాండేటప్పుడు అడ్డం రాకూడదు."

ఆ మాట నాకు తగిలింది. నేను అంతవరకూ తట్టుకున్నాను. వంట అప్పజెప్పినా, పాఠం లాక్కున్నా తట్టుకున్నాను. తప్పు పాఠం జిల్లా అంతా తిరగబోతోంది. సరైన ప్రశ్న అడిగిన పిల్లను కూర్చోబెట్టారు. ఇప్పుడు కూర్చుంటే ఆ పిల్ల ఇంకెప్పుడూ లేవదు, నాలాగే.

మూత సందులోంచి ఆవిరి పొంగుతోంది. రామేశ్వరమ్మ గిన్నె వైపు చూసి, "గెలకాలమ్మా, పొద్దయిపోతాది" అంది.

"నేను గెలకను."

ఆమె నన్ను తేరిపారా చూసింది. అన్నం గంజి వంచుకుంటూ, "పోతే పో. నాకు పిల్లోళ్ల అన్నం ఉండాది. సార్ల సంగటి నేనూ ముట్టుకోను" అంది.

చెయ్యి కొంగుకు తుడుచుకుని గదిలోకి నడిచాను. ఆంజనేయ మాట మధ్యలో ఆగాడు. బల్లమీద అయస్కాంతం తీసుకున్నాను. నా వేళ్లకు రాగిపిండి అంటుకునే ఉంది.

"హసీనా, లేచి నిలబడు. నువ్వడిగిందే ఈ పాఠం. ఈ మేకును భూమి మొత్తం కిందికి గుంజుతోంది. అరచేతిలో పట్టే ఈ అయస్కాంతం పైకి లేపింది. నాలుగింట్లోకీ చేతగానిది గురుత్వాకర్షణే. మరి ఎందుకంత పెద్దగా కనబడుతుంది? విద్యుత్తులో తోసేదీ ఉంది, లాగేదీ ఉంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గురుత్వాకర్షణకు తోయడం తెలియదు. మట్టిరేణువు నుంచి కొండదాకా అన్నీ కూడి ఒకే పక్కకు లాగుతాయి. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ సత్తువ లేదు."

అంటుంటే నాకు మా ఆయన కనబడ్డాడు, మా అత్త, హెడ్‌మాస్టరు. ఒక్కొక్కరి మాట ఎంత? చిన్నది. అందరూ కలిసి కిందికే లాగారు. నేను దాన్ని ప్రకృతి అనుకున్నాను.

"మిగతావి చూడండి. మీరు బెంచీలోంచి కిందికి జారిపోకుండా ఆపుతున్నది విద్యుదయస్కాంత బలం. పరమాణువు నడిబొడ్డున ఒకదాన్నొకటి తోసుకునే ప్రోటాన్లను విడిపోకుండా పట్టుకునేది ప్రబల బలం. అన్నింటిలోకీ గట్టిది, కానీ ఆ నడిబొడ్డు దాటి దాని చెయ్యి అందదు. ఇక నాలుగోది దుర్బల బలం. ఒక కణాన్ని ఇంకో కణంగా మార్చేస్తుంది. అది లేకుంటే సూర్యుడు మండేవాడే కాదు."

హసీనా ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని నేను అనలేదు.

గుమ్మంలో హెడ్‌మాస్టరు. వెనక జిల్లా సార్లు. "మేడమ్," అన్నారు మెల్లగా, పళ్లు కొరుకుతూ, "ఆడ సంగటి గడ్డ కట్టిపోతాండాది. సార్లకు భోజనాల టైమయింది."

"కట్టనీండి సార్. దానికి భుజబలం కావాల. మగవాళ్లు ఇంతమంది ఉండారు, పోయి గెలుక్కోండి."

ఆంజనేయ చొక్కాకున్న మైకు అడిగి తీసుకున్నాను. నా పైటకు పెట్టుకున్నాను. బోర్డు మీద అతని రాత మొత్తం తుడిచి, కెమెరా వెనకున్న మనిషి వైపు తిరిగాను.

"మొదటినుంచి తీయప్పా. నా పేరు ప్రేమజ్యోతి. ఈ బడిలో ఫిజిక్స్ చెప్పేది నేను."