సన్న మెడలు

నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. చెయ్యి మంచిదన్న ధీమాతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

నా పని గీయడం. మైక్రోస్కోపు తీసిన న్యూరాన్ల, అంటే మెదడు కణాల, బొమ్మలకి కంప్యూటర్లో అంచుల వెంట గీతలు గీసి, లెక్కలు కట్టేవాళ్ళకి ఇస్తాను. న్యూరాన్ కొమ్మల మీద చిన్న చిన్న మొగ్గల్లాంటివి ఉంటాయి. ఒక్కోదానికి ఓ తల, ఓ మెడ. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని వేలు గీశానో లెక్కలేదు. గీశాక ఒక బటన్ నొక్కుతాను. వంకరటింకరలన్నీ పోయి గీత నున్నగా వస్తుంది. చూసినవాళ్ళు మెచ్చుకుంటుంటే నాకదో మురిపెం.

లెక్కలు కట్టడానికి ఒకమ్మాయి కొత్తగా చేరింది. ఏ పనైనా నెమ్మదే. అందుకని నేనే 'నిదానం' అని పేరు పెట్టాను. పాపం, నవ్వుతూనే పలికేది. ఆమె పట్టుకున్న సంగతి ఒకటే. మెడ సన్నగా ఉంటే, తలలోకి వచ్చిన కాల్షియం బయటికి పోలేక కాసేపు అక్కడే ఆగుతుంది. మెడ లావైతే చప్పున కొమ్మలోకి జారిపోతుంది. ఇది తేలితేనే ఆమె ఉద్యోగం ఇంకో రెండేళ్ళు సాగుతుందని మా ల్యాబు నడిపే సార్ ముందే చెప్పేశారు.

నా బొమ్మలతో లెక్క కడితే ప్రతిసారీ కాల్షియం జారిపోయేది. మూడు నెలలు చూసి, తనే కూర్చుని నలభై మొగ్గలు గీసుకుంది. వాటితో కడితే ఆగింది.

మీటింగులో సార్ రెండు రకాల బొమ్మలూ పక్కపక్కన పెట్టి, ఏది నిజమని నన్నే అడిగారు.

"ఆ అమ్మాయి చెయ్యి వణుకుతుంది సార్. పైగా తనకి కావలసినట్టు గీసుకుంది" అన్నాను, పదిమంది ముందు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి. ఆమె తల వంచుకుని కాగితాలు సర్దుకుంది. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది.

ఆర్నెల్ల తర్వాత, మొన్న కొత్త మైక్రోస్కోపు వచ్చింది. పనితనం చూద్దామని పాత స్లైడ్లే పెట్టారు. మెడలు దారప్పోగుల్లా ఉన్నాయి, అచ్చం ఆమె గీసినట్టే. పాత ఫైళ్ళు తెరిచాను. బటన్ నొక్కకముందు నేను గీసినవీ సన్నగానే ఉన్నాయి. నునుపు చేసే బటనే సన్న మెడలన్నిటినీ లావు చేసేసింది. అందం కోసం నొక్కాను, ఒక మనిషి కూడు పోగొట్టాను. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

వెళ్ళి సార్‌కి చెప్పేశాను. ఆమె సీట్లో అప్పటికే వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

మెట్ల మీద కూర్చుని ఆమెకి ఫోన్ చేశాను. ఉన్నదంతా చెప్పి, తప్పు నాదేనమ్మా అన్నాను.

"తెలుసక్కా. మీటింగు అయ్యాక మీ ఫైళ్ళు చూశాను. నొక్కకముందువి" అంది.

"మరి అప్పుడే నన్ను కడిగెయ్యొచ్చు కదే."

"మీతో అనడానికి నోరు రాలేదు. సార్‌కి చెప్పాను. మిమ్మల్ని అడుగుతానన్నారు. మర్చిపోయి ఉంటారు. అడిగుంటే మీరు ఒక్కసారైనా తెరిచి చూసేవారు కదా. అందుకే నాకు మీ మీద కోపం లేదక్కా."

సార్ అడిగారు. మీటింగైన వారమే నా బల్ల దగ్గరికొచ్చి, పాత ఫైళ్ళు ఒక్కసారి చూడకూడదూ అన్నారు. నా పనికే వంకలు పెడితే రేపట్నించి మీరే గీసుకోండి అని కసిరాను. పాతకాపునని ఊరుకున్నారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అవునమ్మా, మర్చిపోయినట్టున్నారు అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అడిగారమ్మా. నేనే చూడలేదు" అన్నాను.

"అలాగా అక్కా" అని ఫోన్ పెట్టేసింది.