మైకు ముందు కుండీలు

కడియంలో నర్సరీ నడిపే వెంకటరత్నం హైదరాబాదులో ఓ మ్యూజిక్ కేఫ్‌కి మొక్కలు దించడానికి వచ్చి, గోడమీద పోస్టర్ చూసి ఆగిపోయాడు. మెడలో కండువాతో నవ్వుతున్నది వాళ్ల ఊరి అప్పాజీ. 'ఈ సాయంత్రం గోదావరి గొంతు' అని కింద రాసి ఉంది.

గోదావరి గొంతట. పదేళ్ల కిందట పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రా కట్టినప్పుడు మైకు ముందు నిలబడింది వెంకటరత్నం. అప్పాజీ అతని వీపు వెనకాల నిలబడి కోరస్ అందుకునేవాడు, అంతే. అలాంటివాడి పాటకి ఇప్పుడు జనం టికెట్ కొనుక్కుని వస్తారా? వెంకటరత్నానికి కడుపు మండిపోయింది.

"మొక్కలు ఎక్కడ బాగుంటాయో మీరే చూసి పెట్టించండి," అన్నాడు మేనేజరు.

అదే చాలు. మనిషెత్తు పామ్ మొక్కలున్న కుండీలు ఎనిమిది ఏరి, కూలీల చేత సరిగ్గా మైకుకి అడ్డంగా వరస కట్టించాడు. ఎదర కూర్చున్నవాళ్లకి ఆకులు తప్ప ఏమీ కనబడకూడదు.

రిహార్సల్‌కి వచ్చిన అప్పాజీ ఆ వరస చూశాడు, పక్కనున్న మనిషినీ చూశాడు. మొహం విప్పారింది.

"మీరా అండి? ఎంత మంచి పని చేశారండి. మీ వెనకాల పాడిన అలవాటు కదా, జనం ఎదురుగా కనబడితే నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. ఈ చాటున హాయిగా పాడేస్తానండి."

అతను వెటకారమాడటం లేదు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

వెంకటరత్నం పంచె ఎగ్గట్టి, ఎనిమిది కుండీలూ ఒక్కొక్కటే తన చేత్తోనే పక్కకి లాగేశాడు. పాటా వాడికే, జనమూ వాడికే, ఆ హాయి కూడా వాడికేనా.