పెరటి గోడ మీద థ్యూలీ

నేను ఒక నల్లరాతి పలకను. మనుషులంటే నాకు గిట్టదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నొచ్చుకోవద్దు. కొండ కడుపులో నా మానాన నేను పడి ఉంటే మందుగుండు పెట్టి బయటికి లాగారు, కోశారు, మొహం అద్దంలా తోమారు. చివరికి అనకాపల్లి దారిలో సమాధి రాళ్ళు చెక్కే షెడ్డులో నా మీద ఇంగ్లీషు అక్షరాలు ఉలితో దిగ్గొట్టారు. థ్యూలీ. అప్పటి నుంచి ఆ పేరే నేను. చెక్కినవాడు అదేమిటని కూడా అడగలేదు. చచ్చినవాళ్ళ పేర్లు చెక్కీ చెక్కీ వాడికి ఏ పేరైనా ఒకటే.

చెక్కించినవాడు గరికిన యల్లాజీ. ఓడల్లో వంటవాడిగా ఏళ్ళ తరబడి తిరిగి, మీసాలు నెరిశాక ఇల్లు చేరిన జాలరి. వాళ్ళ ఊరు గవ్వలపేట సముద్రం ఒడ్డునే ఉండేది. ఓడరేవు కడతామని ఆ ఊరిని నేలమట్టం చేసి, జనాన్ని లోపల మెట్టలో వేసిన కాలనీకి తోలేశారు.

ఇక వీళ్ళ తెలివి వినండి. గవ్వలపేటలో ఇళ్ళన్నీ సముద్రం వైపే చూసేవట. పేరైనా, రంగుల ముగ్గైనా ఆ వైపు గోడకే. పడవ మీంచి చూస్తే ఎవరి ఇల్లు వాళ్ళకి కనబడాలి కదా! కొత్త కాలనీలో వీధి పడమర, సముద్రం తూర్పు. మేస్త్రీ మొత్తుకున్నా వినకుండా యల్లాజీ నన్ను తూర్పు గోడకే వేయించాడు. అంటే పెరట్లోకి. నా ఎదురుగా సముద్రం లేదు సరికదా, ఓడరేవు గోదాముల ప్రహరీ, దాని మీద ముళ్ళకంచె. నన్ను చదివే దిక్కు లేదు, కాకులు తప్ప.

పక్కిల్లు అతని అక్క పోలమ్మది. పెరడు ఇద్దరికీ ఒకటే. చేపలు కడిగిన నీళ్ళు ఆమె రోజూ గురి చూసి నా మొహాన కొట్టేది. తమ్ముడితో ఆమెకు మాటల్లేవు. ఊరు ఖాళీ చేయించే కాగితం వచ్చినప్పుడు, ఇంగ్లీషు తెలిసినవాడని పెద్దలు యల్లాజీని ముందు నిలబెట్టారు. మొదటి సంతకం అతనిది. అతని వెనకే ఊరంతా వేలిముద్రలు వేసింది. మేస్త్రీ చదివి చెబితే నన్నేమో ఆమె ఆడదాని పేరనుకుంది. ఏ రేవులోనో ఉంచుకున్న దొరసాని అని కాలనీ మొత్తం చెవులు కొరుక్కుంది.

ఒకరోజు కాలనీ మొదట్లో సర్కారు బోర్డు పాతారు: పునరావాస కాలనీ, రెండో బ్లాకు. ఆ సాయంత్రం పోలమ్మ నీళ్ళతో సరిపెట్టలేదు. చేపల కత్తి తెచ్చి నా అక్షరాలను గీకడం మొదలుపెట్టింది. చప్పుడుకి యల్లాజీ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవుల్రా ఇది? మనూరి పేరు మట్టిలో కలిసిపోతంటే దీని పేరు రాతి మీద సెక్కించినావు. సిగ్గు నేదా నీకు?"

"మనిసి కాదప్పా, సోటు. మంచు దేశంలో ఉంది. మా ఓడ సరుకేసుకుని ఎల్లింది."

నా అర్థం నేనూ అప్పుడే యల్లాజీ నోట విన్నాను. ఇంగ్లీషువాళ్ళు నన్ను గ్రీకుల పాత కథల్లోంచి ఎత్తుకొచ్చారట. ఉత్తరాన, ఇక దాటితే లోకమే లేదనుకున్న చోటికి ఆ పేరు. మామూలు మాటల్లో ఎవరూ వాడరు. అందనంత దూరం అని గొప్పగా చెప్పాలనుకున్నప్పుడు, పండక్కి వెండి గిన్నె తీసినట్టు బయటికి తీస్తారు. గ్రీన్‌లాండ్‌లో వేటగాళ్ళు బతుకుతున్న చోట ఎవరో దొర అంగడి పెట్టి దానికి ఆ పేరు తగిలించాడు. తర్వాత విమానాల కోసం సైన్యానికి ఆ నేల కావలసి వచ్చింది. వేటగాళ్ళను లెమ్మన్నారు. బళ్ళకు కుక్కల్ని కట్టుకుని వాళ్ళు ఇంకా ఉత్తరానికి పోయారు. లోకం అయిపోయిన చోటు నుంచి కూడా మనిషిని వెళ్ళగొట్టగలరు మీరు. మిమ్మల్ని చూసి నాకు ఒళ్ళు మండక ఏం చేస్తుంది?

"మరి ఆళ్ళు ఆ సోటుని ఏటనీవోరు?" అంది పోలమ్మ.

"పిటుఫిక్ అనీవోరంట. కుక్కల్ని కట్టీ సోటని."

"మనది గవ్వలేరుకునీ సోటు." ఆమె కత్తి కింద పడేసింది. "ఆళ్ళ పేరుండగా దొర పేరు సెక్కించినావేట్రా? మనూరి పేరెందుకు సెక్కించనేదు?"

యల్లాజీ వంగి ఆ కత్తి తీశాడు. "సంతకం ఎట్టిన సేత్తో ఆ పేరెలా రాయించీదప్పా? మొకం సెల్లనేదు. మనలాగే ఊరు పోయినోళ్ళ సోటని దీన్ని సెక్కించినాను."

ఆమె ఓదార్చలేదు. ఇంట్లోకెళ్ళి గునపం తెచ్చి అతని కాళ్ళ ముందు పడేసింది.

నన్ను పెకలించారు. అదే షెడ్డుకు మోసుకెళ్ళి, తిరగేసి, ఈసారి వీపు మీద ఉలి ఆడించారు. సర్కారు బోర్డు పక్కనే ఇటుకల గోడ కట్టి, థ్యూలీ ఉన్న మొహాన్ని సిమెంటులోకి అదిమి, వీపును వీధికి చూపించారు. తీసెయ్యమని అధికారులు వచ్చారు. పోలమ్మ కత్తి పట్టుకుని గోడకి అడ్డంగా కూర్చుంది. వాళ్ళు మళ్ళీ వస్తామని వెళ్ళారు, ఇంకా రాలేదు. ఆ మంచు దేశంలోనూ దొర పేరు తీసేసి పిటుఫిక్ అనే రాస్తున్నారని యల్లాజీ ఎవరితోనో అంటుంటే విన్నాను. సరే, నన్ను అన్ని చోట్లా గోడకేసి తిప్పేశారన్నమాట.

పోలమ్మకు చదువు రాదు. మొదటి సాయంత్రం ఆమె చేపల తట్ట దించి, తమ్ముడి వైపు చూడకుండానే, "సదువు," అంది.

"గవ్వలపేట."

"ఇంకోపాలి."

అప్పటి నుంచి రోజూ ఇదే తంతు. అతన్ని క్షమించిందా అంటే, లేదు. అంతకు మించి ఒక్క మాట మాట్లాడదు. నా మొహం ముందు చీకటి, సిమెంటు. నా వరకు లోకం అక్కడితో సరి. వీపు వెనక మాత్రం ఆ ముసలాడు రోజూ గొంతు చించుకుని ఊరి పేరు చదువుతాడు, ఆమె చాలు అనేదాకా.

ఆమె ఇంకా చాలు అనలేదు.