రెండు పేజీల్లో పట్టని పేరు

దొమితిలా పిన్ని నన్ను అడిగింది ఒక్కటే. కొడుకు పేరు ఆ కాగితంలో ఉండాలి.

ఆ కొడుకు, ఎలియెసర్, కనిపించక పదకొండు నెలలు. మడుగంతా నూనె తెట్టు కట్టి చేపలు వెల్లకిలా తేలుతుంటే, ఆ నీళ్ళు సీసాల్లో పట్టి, ఒక్కో సీసా మీద తేదీ వేసి పరీక్షకని రాజధానికి పంపేవాడు. మానెయ్యమని రెండుసార్లు తలుపు కిందనుంచి చీటీలు తోశారు. మానలేదు. ఒక మంగళవారం వాడి పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఎవరో ఆడదానితో ఊరొదిలి పోయాడని పోలీసులు రాసుకుని ఫైలు మూసేశారు. వాళ్ళ చేతులు పడిపోనూ!

మగ్దలేనా నది ఒడ్డున మేం పోయినవాళ్ళకు తొమ్మిది రోజులు ప్రార్థన చేస్తాం. గోడకు తెల్లదుప్పటి కట్టి, దానిముందు బల్ల వేసి, ఆత్మ దాహానికని గ్లాసుడు నీళ్ళు పెడతాం. తొమ్మిదో రోజు ఆ బల్ల తీసేస్తేనే పోయినవాడు వెళ్తాడు, ఉన్నవాళ్ళకు కంటిమీద కునుకు పడుతుంది. శవం దొరకలేదు కాబట్టి వాడి చొక్కా పెట్టి కానిద్దామన్నారు ఫాదర్. పిన్ని ససేమిరా అంది.

"ఆ చొక్కా నేను కుట్టిందేగా ఫాదర్! మావాడు పోయాడని నా అంతట నేనే అనేస్తే ఎలా? వాడు లేచిపోలేదు, నీళ్ళకోసం చంపేశారు అని పెద్దవాళ్ళు రాయాలి. అన్ని దేశాలవాళ్ళూ కూర్చుంటారంటగా. ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెడతా. అప్పుడు చేద్దాం." నావైపు తిరిగి, "అయినా రాసేది నువ్వేగా నూబియా," అంది.

నిజమే, రాసేది నేనే. మా ఖండంలోని ప్రభుత్వాలు నేల గురించి, నీళ్ళ గురించి, మనుషుల హక్కుల గురించి మాట్లాడుకోవడానికి రెండేళ్ళకోసారి కూర్చుంటాయి. దానికి ముందు మాలాంటి ప్రజాసంఘాలన్నీ కలిసి ఒక విన్నపం రాసి ఇస్తాయి. ఈసారి పనామాలో ఆ కలం నా చేతికి వచ్చింది. పిన్నికి మాట ఇచ్చి విమానం ఎక్కాను.

విన్నపం రెండు పేజీలు దాటకూడదట. అంతకు మించితే మంత్రులు చదవరట. తీరా చూస్తే ఒక్కో దేశంవాళ్ళు ఒక్కో జాబితా తెచ్చారు. అడవి కోసం పోయినవాళ్ళు, కొండ కోసం పోయినవాళ్ళు, సముద్రం కోసం పోయినవాళ్ళు. పేర్లే నాలుగు పేజీలయ్యాయి. ఒక్క ఎలియెసర్ పేరు ఉంచనివ్వండని బతిమాలాను. చిలీ నుంచి వచ్చిన రెనాతా నా పక్కనే కూర్చుంది.

"ఒక్కటి ఉంచితే మిగతావి ఎందుకు తీశారని అడగరా? మా అక్క పేరు పదకొండోది. చూడు, నేనే కొట్టేస్తున్నా. నీవల్ల కాదా?" అంది.

గీత గీసి, కలం నా చేతికిచ్చింది. ఎలియెసర్ పేరు నేనే కొట్టేశాను. పేర్లన్నీ తీసేసి, 'నీటినీ నేలనూ కాపాడబోయి ప్రాణాలర్పించిన ఎందరో' అని రాశాను. చదివి వినిపిస్తే హాలంతా చప్పట్లు. సిగ్గులేని మనసు, కాసేపు పొంగిపోయింది కూడా.

పిన్నికి ఫోన్ చేసి, "కాగితాన్ని అందరూ ఒప్పుకున్నారు పిన్నీ," అన్నాను. "ఉన్నాడా వాడు?" అంది. వచ్చి చెప్తానన్నాను. ఉన్నాడనే అనుకుందని నాకు తెలుసు. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

పడవ దిగి వెళ్ళేసరికి సాయంత్రం ఐదు. ఇంట్లో దుప్పటి కట్టేసి ఉంది. బల్ల మీద పువ్వులు, నీళ్ళ గ్లాసు, కాగితం కోసం వదిలిన ఖాళీ చోటు. వీధివీధంతా కుర్చీలు తెచ్చుకుని కూర్చుంది. మా ఆచారం ప్రకారం చావు ఇళ్ళలో జోకులు చెప్పి నవ్వించే తెలెస్ఫోరో తాత నన్ను చూసి, "రా పిల్లా, రా! పదకొండు నెలలు నోరు కట్టుకున్నా. నా జోకులన్నీ పులిసిపోయాయి," అన్నాడు. పిన్ని నల్లగౌను వేసుకుంది. ఈ పదకొండు నెలల్లో అది వేసుకోవడం అదే మొదలు.

"చదువు," అంది.

రెండు పేజీలూ చదివాను. అర్థమైనా కాకపోయినా అందరూ కదలకుండా విన్నారు. నేను ఆగాక కూడా పిన్ని ఎదురుచూస్తూనే ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది పిన్నీ."

"మరి మావాడేడే?"

"ఎందరో అన్నచోట... అందులో ఉన్నాడు."

"ఎందరో అంటే? మావాడికి పేరు లేదా?"

"రాశాను పిన్నీ. మళ్ళీ నేనే కొట్టేశాను. అందరివీ కొట్టేశాం. చోటు చాల్లేదు."

కాగితం నా చేతిలోంచి తీసుకుంది. పిన్నికి చదవడం రాదు. రెండువైపులా ఉన్న తెల్లటి అంచు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందిదాకా జరిపింది.

"ఇదంతా ఖాళీయేగా," అంది.

"అక్కడ రాయకూడదు పిన్నీ."

చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కాగితం మడిచి నాకే ఇచ్చేసింది. గ్లాసులో నీళ్ళు కుండలో పోసి, అందరివైపూ తిరిగింది.

"కాఫీ తాగి వెళ్ళండి. ప్రార్థన లేదు. మావాడు పోయాడని ఎవరూ అనలేదు."

తెలెస్ఫోరో తాత టోపీ పెట్టుకుని లేచాడు. కుర్చీలు ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి. పిన్ని దుప్పటి విప్పుతుంటే సాయం పట్టబోయాను. పట్టనివ్వలేదు.

"మళ్ళీ ఎప్పుడు కూర్చుంటారు వాళ్ళు?"

"రెండేళ్ళకి."

తలూపింది. లోపలికి వెళ్ళి నల్లగౌను విప్పేసి, రోజూ వేసుకునే పూలగౌనులో వంటింట్లోకి వచ్చింది. నేను పొయ్యికి అడ్డంగా నిలబడి ఏడుస్తున్నాను.

"జరుగు పిల్లా," అంది, పళ్ళెం అందుకుంటూ. "వాడికి అన్నం తీసిపెట్టాలి."