నడుమెత్తు కొలత

మా గదుల కింద ఆ ఇసుక పోయించింది మీరు. కొలవాల్సిన రోజున గడప దాటనిదీ మీరే. ఆ కొలత కాగితం మీద సంతకాలు పెట్టిన దొరలూ, మీకే చెబుతున్నాం.

ఇసుక జల్లించడం మా పని. నేలలో చిటికెడు చిటికెడుగా చెదిరి ఉన్న బరువు రేణువులు మా జల్లెళ్లలో కుప్పపడతాయి. మీ ఫ్యాక్టరీ కావలసింది ఏరుకుని, వద్దన్నది కాలనీకి తోలించింది. ఊరికే వస్తోందని గదుల్లో పల్లాలు పూడ్చి, పైన పలచగా సిమెంటు పూసుకుని పడుకున్నాం. అది కంటికి కనబడని కిరణాలు చిమ్ముతుందనీ, ఒక్కరోజులో చంపదు గానీ ఏళ్ల తరబడి దాని మీదే పడుకుంటే కాన్సర్ ముప్పు పెరుగుతుందనీ ఆస్పత్రి నర్సు చెప్పేదాకా మాకు తెలియదు.

మాలో అందరికంటే వేగంగా జల్లించే జల్లెడక్కకు ఉన్నది ఒకటే గది. కడుపుతో ఉన్న కూతురు అక్కడే చాప మీద పడుకుంటోంది.

ఆ కిరణాలు కొలవండని కాలనీ అంతా మీ ఆఫీసుకు వెళ్లి అడిగితే వస్తామన్నారు. ఇక్కడే గడ్డి తిన్నాం. పెద్దవాళ్లు వస్తున్నారు, వాకిళ్లు బాగుచేసుకోండని కాంట్రాక్టరు వేరే చోటి నుంచి ఎర్రమట్టి తోలించాడు. పరువు పోకూడదని మేమే పోటీలు పడి పరిచాం. జల్లెడక్క వాకిలైతే అద్దమే.

కొలవడానికి ఆఫీసరు వెంట వచ్చిన మీటరు బాబు ఆ కొత్తమట్టి మీద, నడుమెత్తున మీటరు పట్టుకున్నాడు. అంకె తక్కువే వచ్చింది. ఏ నేలలోనైనా ఇంత ఉంటుంది, తాతల నాటి నుంచి ఉన్నదే, సహజం అన్నాడు ఆఫీసరు.

జల్లెడక్క గడప మీంచి లేవలేదు.

"పాముకి విషం సహజమే బాబూ. తెచ్చి నా బిడ్డ పక్కలో వదిలిందెవరు?"

చాప మీద పెట్టి చూడమంది. ఆరుబయట నడుమెత్తునే కొలవాలి, రూలు అన్నాడు ఆఫీసరు.

"నడుమెత్తున గాల్లో పడుకోడానికి మేమేమన్నా దెయ్యాలమా అయ్యా?" అన్నాడు మాలో పెద్దవాడు లారీ తాత.

మీటరు బాబు ఆ పిల్ల కడుపు వైపు చూశాడు. చెప్పులు విడిచి లోపలికెళ్లి చాప మీద పెట్టాడు. మీటరు ఆపకుండా కూత పెట్టింది. వాకిట్లో ఉన్న మాకందరికీ వినబడింది. ఆ అంకె రాయొద్దన్నాడు ఆఫీసరు.

సాయంత్రం మీటింగులో ఒకరినొకరు తిట్టుకున్నాం. మట్టి ముందు పరిచింది నువ్వంటే నువ్వని. నేల తవ్వితే ఎక్కడుంటాం, పని పోతే ఏం తింటామని. జల్లెడక్క మాత్రం కూతుర్ని నర్సు ఇంటికి పంపి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, తన గదిలో గునపం దించింది. ఆ మోత విని ఎవరి గునపం వాళ్లం తీశాం.

తెల్లారి ఆ ఇసుక తట్టలకెత్తి ఆఫీసు గేటు ముందు పోశాం. సహజమే కదా, మీ కుర్చీల కింద పరుచుకోండన్నాం.

పోలీసులొచ్చారు. జనం తిరిగే చోట ప్రమాదకరమైన పదార్థం పోసిందని జల్లెడక్క మీద కేసు రాశారు.

వ్యాను ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది. "ప్రమాదకరమని వాళ్ల చేత్తోనే రాశారర్రా. వదలకండి."

వదలం. మా ఇళ్లలో సహజం, మీ గేటు ముందు ప్రమాదమా? ఆమెను విడిచిపెట్టండి. ప్రతి గదిలో చాప పరిచే చోట మీటరు పెట్టండి, వచ్చిన అంకె రాయండి, ఆ ఇసుక ఎత్తుకుపోండి. అందాకా ఒక్క జల్లెడ ఆడదు. ఆ పిల్లకు పురుడు వచ్చేలోగా, ఒక మంచి నేల చూపించండి.