రోండాకు లేని జబ్బు

సాఫ్ట్‌బాల్ ప్యాంటు మోకాళ్ళకు అంటిన ఎర్రమన్నును తడి మీద ముట్టుకోకూడదు. ఎండనిచ్చి, దులిపి, ఆ తర్వాతే నీళ్ళు చూపించాలి. ఓక్లహోమాలో ఆడపిల్లల టీముకు బట్టలు ఉతికే ప్రతి తల్లీ ఒక జత పాడుచేశాకే ఈ సంగతి నేర్చుకుంటుంది. రోండా మూడేళ్ళ కిందట నేర్చుకుంది. కూతురు బ్రిన్ అప్పుడే హైస్కూలు టీములో చేరింది. "నువ్వు దొరకడం మా అదృష్టం రోండా!" అంటూ కోచ్ ప్రూయెట్ పదిహేడు మంది బట్టల మూట తెచ్చి ఆమె ట్రక్కులో పడేశాడు. ఆ అదృష్టం ప్రతి మ్యాచ్ తర్వాతా ఇంటికి వస్తూనే ఉంది. పొద్దున బడి వంటగదిలో మూడొందల మంది పిల్లలకు వడ్డించడం, మధ్యాహ్నం పెరట్లో మన్ను దులపడం. ఇది నా పనేనా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. కూతురికి మేలు జరుగుతుందంటే ఊరందరి బట్టలూ ఉతికేది.

బ్రిన్ క్యాచర్, బ్యాటు పట్టినవాళ్ళ వెనక కూర్చుని బంతి అందుకుంటుంది. మోకాళ్ళ మీద నుంచే, అంత దూరాన ఉన్న రెండో బేస్‌కి బంతి విసరగలదు. పక్క రాష్ట్రంలోని కాలేజీ కోచ్ ఓస్బీ అనే ఆవిడ కిందటేడు వేసవి టోర్నమెంటులో ఆ విసురు చూసి, మా టీముకు వస్తావా అని రెండుసార్లు రాసింది. కానీ ఏ కాలేజీ అయినా చివరికి హైస్కూలు కోచ్‌నే అడుగుతుంది, పిల్ల ఎలాంటిది, ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళు అని. ఆ ఒక్క మాట ప్రూయెట్ నోట్లో ఉంది. ఆయన నోరు విప్పడు. మొదట బ్రిన్ వెళ్ళి అడిగితే "చూద్దాంలే" అన్నాడు. తర్వాత రోండా వెళ్తే, "వాళ్ళ స్థాయి వేరు రోండా. పిల్లకి లేనిపోని ఆశలు పెట్టకు" అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. నిజమేనేమో, తల్లిని కాబట్టి నాకే గొప్పగా కనిపిస్తోందేమో అని తనను తానే అనుమానించుకుంది. భర్త క్లేటన్‌తో చెప్పుకుంటే, "వాడికి తెలియదా, నీకు తెలుసా?" అని కొట్టిపారేశాడు. క్లేటన్, ప్రూయెట్ ఒకే బళ్ళో ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు. ఇప్పటికీ చేపలకు కలిసే వెళ్తారు. వాళ్ళ శాండ్‌విచ్‌లు కట్టేది రోండానే.

బ్రిన్ కూడా మెల్లగా ఆ ఊసెత్తడం మానేసింది. ప్రాక్టీసు అయ్యాక నాన్న దాణా షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఇంటికి రాగానే తల్లి చేతిలోంచి బట్టల బుట్ట లాక్కుంటుంది. "నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తా. అలసిపోయావా? ఊపిరి బాగానే ఆడుతోందా?" అంటుంది. ఈ వయసు పిల్లల్లో ఇంత ప్రేమ ఎవరికుంటుందని రోండా పొంగిపోయి, వంటగదిలో తోటి ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది. ఎంత పిచ్చిదాన్నో అని తర్వాత తిట్టుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ఓస్బీ ఫోన్ చేసింది.

"మిసెస్ టాలీ, ఇప్పుడు మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

రోండా నవ్వేసింది. "నాకేమైందండీ? రాంగ్ నంబరేమో."

"బ్రిన్ తల్లే కదా మీరు? తల్లికి జబ్బు, అమ్మాయే ఇల్లు నడుపుతోంది, ఊరు దాటి రాదు అని మీ కోచ్ ఏప్రిల్‌లో రాశారు. అమ్మాయి కూడా జవాబులు మానేసింది. బలవంతం చేయడం న్యాయం కాదనుకున్నాను. కానీ అలాంటి చెయ్యి నాకింకా దొరకలేదు. శుక్రవారం టీములో ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాం. అంతకుముందు ఒక్కసారి మిమ్మల్నే అడుగుదామని."

"శుక్రవారం దాకా ఎవరికీ ఇవ్వకండి," అంది రోండా. ఇంకేం అన్నదో ఆమెకు గుర్తులేదు.

ప్రూయెట్ మైదానంలో సున్నం గీతలు గీస్తున్నాడు. ఆమె నేరుగా వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది.

"నాకేం జబ్బు కోచ్?"

ఆయన తల ఎత్తలేదు. "క్లేటన్ చెప్పాడు, రాశాను."

"వారానికి రెండుసార్లు మీ ఎదురుగా మూటలు మోస్తున్నాను. రోగిష్టిదానిలా కనిపించానా?"

"చూడు రోండా, ఆ ఇంటి మగాడే వచ్చి చెప్పాక నేను కాదంటానా? మొగుడూ పెళ్ళాల మధ్య నన్ను లాగొద్దు."

"నా కూతుర్ని లాగేశారుగా మధ్యలోకి!"

"రెండేళ్ళు ఇక్కడి కాలేజీలోనే చదువుకుంటే కొంపలేం మునగవు," అంటూ ఆయన గీత గీయడానికి వంగాడు. ఆ వంగిన వీపును చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఈ మనిషికి థాంక్స్ చెప్పిందో గుర్తొచ్చి, ఆ మంట తనమీదికి కూడా తిరిగింది.

షాపులో క్లేటన్ కోళ్ళ దాణా బస్తాలు సర్దుతున్నాడు. ఆమె అడగ్గానే కొంచెం కూడా తడబడలేదు.

"అబద్ధమేముంది? నడుంనొప్పి అని నువ్వే మూలగవా?"

"అది జబ్బా?"

"అరవకు, కస్టమర్లుంటారు. పిల్ల నేను వద్దంటే వినదు రోండా. నీ పేరు చెప్తే వింటుంది. నువ్వంటే ప్రాణం దానికి. ఇంట్లో ముగ్గురం కలిసుండాలని చేశాను, తప్పా? అది వెళ్ళిపోతే ఈ కౌంటరు ఎవరు చూస్తారు?"

ఆఖరి మాట ఆయనకు తెలియకుండానే జారింది. రోండా భర్త ముఖంలోకి చూసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె ఒక్కరోజు పడుకుని ఎరగదు. జ్వరంతో కూడా వండింది. మంచాన పడ్డ ఆయన తల్లిని చివరిదాకా ఎత్తి దించింది. ఇన్నేళ్ళ చాకిరీ ఆయన కంటికి ఆనలేదు. ఆమెలో ఆయనకు పనికొచ్చింది ఆమెకు లేని జబ్బు. దానికంటే నీచం, కూతురికి తనమీదున్న ప్రేమనే తాడుగా పేని కూతురి కాళ్ళకు కట్టాడు. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదనిపించింది. ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె బయటికి వచ్చేసింది.

బడి గేటు దగ్గర బ్రిన్ ట్రక్కు ఎక్కింది. రోండా తాళం తిప్పలేదు.

"కాలేజీ ఆవిడకి జవాబెందుకు రాయలేదు?"

బ్రిన్ కిటికీ వైపు తిరిగింది. "ఆడాలని లేదు."

"బ్రిన్."

"నాన్న చెప్పొద్దన్నాడు. నీ గుండె సంగతి. డాక్టర్ చెప్పాడంట కదా, ఏ దిగులూ పెట్టుకోకూడదని. నీకు తెలిసిపోతే ఇంకా ప్రమాదమన్నాడు. నువ్వు మెట్లెక్కుతుంటే నాకు భయమేస్తుందమ్మా. రోజూ నీ వెనకాలే ఎక్కుతున్నా."

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. పదిహేడేళ్ళ పిల్ల తల్లి చావును ఒక్కతే మోసుకుంటూ, పైకి నవ్వుతూ బుట్టలు అందుకుంది. రోండాకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు ఏడిస్తే దాన్ని కూడా జబ్బే అనుకుంటుందని మింగేసుకుంది. నిజం చెప్తే చాలు, పిల్ల ఎగిరి గంతేస్తుంది. కానీ రేపెప్పుడో నిజంగానే నడుం పడిపోతుంది, కళ్ళు మసకబారతాయి. ఆ రోజు ఎవరో ఒకరు ఈ పిల్లకు ఇదే కబురు పంపుతారు, మీ అమ్మకు బాగాలేదు, వచ్చెయ్ అని. అప్పుడిది ఎక్కడున్నా అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తుంది.

ఆమె ఫోనులో ఓస్బీ నంబరు తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నాకే జబ్బూ లేదు బ్రిన్. మీ నాన్న అబద్ధం చెప్పాడు," అంది. "ఉన్నా సరే, నువ్వు వెళ్ళాల్సిందే."