గీతలో మూడో మిట్ట

మనిషిని గాలి చొరబడని గదిలో ఉంచి, అతను పీల్చే గాలినీ వదిలే గాలినీ కొలిచి, ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో చెప్పడం నా పని. మా విశ్వవిద్యాలయంలో ఆ గదిని ముప్ఫై ఏళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. దాన్ని సోమవారం విప్పించేస్తానన్నాడు మా కొత్త విభాగాధిపతి ఆస్గర్. ఆ ఖర్చు ఎక్కడ పెరిగిందో చూపించే గీతను చదవడం ఒకప్పుడు నా దగ్గరే నేర్చుకున్నాడు, మహానుభావుడు!

"ముసలిదైపోయింది విబెకా. చిన్న చిన్న మార్పులు పట్టుకోలేకపోతోంది," అన్నాడు.

"ఎవరు, గదా? నేనా?" నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి పందెం వేసుకున్నాం. శనివారం ఆస్గరే లోపల ఉంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంటాడు, తనకిష్టమైన వేళల్లో మాత్రం ఐదేసి నిమిషాలు గుంజీళ్ళు తీస్తాడు. ఆ వేళలు ముందే రాసి కవరు అంటించి వంటాయన ప్రెబెన్ చేతికిచ్చాడు. లోపల మంచం, కుర్చీ, చిన్న టీవీ ఉంటాయి; నాకు కనబడకుండా కిటికీకి తెర వేసుకున్నాడు. గీత చూసి ఆ వేళలు నేను సరిగ్గా చెబితే గది ఉంటుంది. ఒక్కటి తప్పినా పోతుంది.

ప్రెబెన్ రై రొట్టే హెరింగ్ చేపా గ్రాములతో సహా తూచి, గోడలోని చిన్న తలుపు గుండా లోపలికి తోశాడు. "ముక్క మిగిలిందో, నీ సంగతి చెప్తా!" అని అరిచాడు కూడా.

తొమ్మిది నలభైకి గీత లేచింది. ఒంటిగంటా పదిహేనుకి మళ్ళీ లేచింది. తిన్నాక వచ్చే పెరుగుదల మెల్లగా వస్తుంది, అది నాకు తెలియంది కాదు. ఈ రెండూ గుంజీళ్ళే. పట్టలేని సంతోషంతో కుర్చీలోనే ఊగిపోయాను.

సాయంత్రం వంటగదిలోంచి ఒకటే పొలికేక. టీవీలో హ్యాండ్‌బాల్ ఫైనల్ పెట్టుకున్నాడు ప్రెబెన్.

"నోర్ముయ్యి! ఇక్కడ నా ప్రాణం పోతోంది!" అన్నాను. సరిగ్గా అప్పుడే గీత మళ్ళీ లేచింది, మిగతా రెండింటికంటే ఎత్తుగా, అడ్డదిడ్డంగా. గుంజీళ్ళు అలా ఉండవు. ఎక్కడైనా గాలి కారుతోందా? తలుపు అంచులు తడిమాను, పంపులు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

"రెండే రాయవే తల్లీ," అన్నాడు ప్రెబెన్ నా భుజం మీదుగా తొంగిచూసి. "ఆ మూడోది చూస్తుంటే పిచ్చి గీతలా ఉంది."

"కనబడ్డదాన్ని కనబడలేదని ఎలా రాయను?"

"నీ ఇష్టం. సోమవారం నా దగ్గరకొచ్చి ఏడవకు."

మూడూ రాశాను. 9.40, 1.15, 4.52.

ఆరింటికి ఆస్గర్ బయటికొచ్చాడు. ప్రెబెన్ కవరు చించాడు. అందులో 9.40 ఉంది, 1.15 ఉంది. అంతే.

"అయ్యో, విబెకా," అన్నాడు ఆస్గర్ జాలిగా. "నీ గది లేనిదాన్ని కూడా చూపించిందన్నమాట."

"ఆగాగు!" ప్రెబెన్ నా చేతిలోని కాగితం లాక్కున్నాడు. "నాలుగూ యాభై రెండా? ఆఖరి గోలు పడింది అప్పుడేగా!"

ఆస్గర్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనూ లోపల టీవీ చూశాను. కానీ కూర్చునే చూశాను."

లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. తెర వేసి ఉంది, అతను కాదంటే కాదు, అంతే. ఆస్గర్ గీత దగ్గరికొచ్చి మూడో మిట్ట మీద వేలు పెట్టాడు.

"కూర్చోలేదు," అన్నాడు చివరికి. "ఆ గోలు పడగానే మంచమెక్కి నాలుగు నిమిషాలు గెంతాను. ఇప్పటిదాకా నాకే గుర్తులేదు."

కలం తీసుకుని, తన కాగితం మీద 4.52 తన చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టాడు. "గది ఎక్కడికీ పోదు, విబెకా."

సంతోషం పట్టలేక ఇద్దర్నీ కలిపి వాటేసుకున్నాను. ఊపిరాడక గింజుకున్నారు పాపం. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"ఇంతకీ ఆ గోలు మనదా, వాళ్ళదా?"